సైనైడ్‌కు విరుగుడు కాలేయంలోనా, పెద్దపొట్ట గోడలోనా?

జీవరసం: సైనైడ్‌ను విషం చాలా తక్కువైన థయోసయనేట్‌గా మార్చే ఎంజైమ్ రోడనేజ్. గొర్రెల్లో అది కాలేయంలో కన్నా పెద్దపొట్ట (నెమరువేసే పశువుల మొదటి పొట్ట) లోపలి పొరలోనే ఎక్కువ చురుగ్గా ఉన్నట్లు కొలతల్లో తేలింది. అయినా ఎవరిని అడిగినా కాలేయం పేరే చెబుతారు. విషం రక్తంలోకి దిగే గుమ్మంలోనే కాపలా ఉందని ఎందుకు ఒప్పుకోరు?

పాడిమనిషి: కాపలా ఉంటే నా గేదె ఎందుకు చచ్చింది? వాన పడ్డాక మోళ్ల నుంచి లేచిన లేత జొన్న మేసింది. కాసేపటికే కూలబడింది. నాము (లేత జొన్నలోని సైనైడ్ విషం) తగిలిందని నేను మొత్తుకుంటుంటే, వచ్చిన డాక్టరు కాలేయానికి టానిక్ రాసి వెళ్లారు.

నెమరు: లేత జొన్నలోకి ఎందుకు వదిలారు?

పాడిమనిషి: వదల్లేదు, తాడు తెంపుకొని పోయింది.

జీవరసం: గేదె పోవడం బాధాకరమే. నేను అడిగింది ఏ అవయవం అని. దానికి జవాబు రాలేదు.

పాడిమనిషి: అవయవం పేరు తెలిస్తే పశువు లేస్తుందా? జొన్నలో సైనైడ్‌ను దాచుకునే ధుర్రిన్ అనే పదార్థం నుంచి సైనైడ్‌ను గబగబా విడదీసేవి పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే. నెమరువేసే పశువులకు నాము ఎక్కువగా తగిలేది అందుకే.

జీవరసం: నేను ఎంజైమ్ గురించి అడిగితే మీరు సూక్ష్మజీవుల గురించి చెబుతున్నారు. కాస్త చదివి వాదించండి.

పాడిమనిషి: చదువు మాట ఎత్తారు కనుక అడుగుతున్నాను. ఆ కొలతలు ఎలా తీస్తారు? కణజాలాన్ని నూరి, ఎంజైమ్‌కు కావాల్సిన గంధకాన్ని అందించే థయోసల్ఫేట్ సమృద్ధిగా పోసి చూస్తారు. బతికున్న పశువులో అంత గంధకం సిద్ధంగా ఉంటుందా? అది అందకపోతే ఎంజైమ్ ఎంతున్నా పని సాగదు. చికిత్సలో థయోసల్ఫేట్‌ను నరానికి ఎక్కించేది ఎందుకనుకుంటున్నారు?

తొలకరి: ఇద్దరూ చెప్పేది ఒకటే కదా?

పాడిమనిషి: కాదండి. ఆయన రాసింది చదివి, పశువే తట్టుకుంటుందిలే అని రేపు ఎవరో మందను లేత జొన్నలోకి తోలతారు. నా కోపమంతా దాని మీదే.

జీవరసం: తోలమని నేను ఎక్కడ రాశాను? కొద్దికొద్దిగా వచ్చే సైనైడ్‌ను ఆ గోడ ఆపగలదు, ఒక్కసారిగా వచ్చిపడితే ఆపలేదు.

పాడిమనిషి: ఆ వాక్యాన్ని మీ మొదటి పోస్టులో చేర్చండి.

జీవరసం: చేర్చను. అక్కడ నేను అడిగింది ఏ అవయవం అన్నదే.