36లో మొదటి ప్రెగ్నెన్సీ, నిజంగా అంత రిస్కా?

హాయ్ అండీ, నాకు 36, పెళ్లే లేటైంది, ఇప్పుడు మూడో నెల. నిన్న చెకప్‌కి వెళ్తే ఫైల్ మీద ఎర్ర పెన్నుతో ఎల్డర్లీ ప్రైమీ (అంటే 35 దాటాక తొలి కాన్పు) అని రాశారు, అప్పట్నుంచి మనసు మనసులో లేదు. మా అత్తయ్యేమో మా కాలంలో నలభైల్లో కూడా కన్నారు ఏం కాలేదు అంటారు, గూగుల్ చూస్తే బీపీ, షుగర్, బిడ్డకి డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఎదుగుదల మందగించే జన్యు లోపం) అని భయపెడుతోంది. ఆపరేషన్ తప్పదా?

వైజాగ్ అక్క:
కంగ్రాట్స్ అమ్మా. మీ అత్తయ్య చెప్పింది నిజమే గానీ వాళ్లు నలభైల్లో కన్నది ఐదో కాన్పో ఆరో కాన్పో కదా, తొలిచూలు కాదు. తొలి కాన్పుకి మామూలుగానే బీపీ రిస్క్ ఎక్కువ, దానికి వయసు తోడైంది అంతే. అందుకే కొందరికి తక్కువ డోసు ఆస్పిరిన్ 16 వారాల లోపే మొదలుపెడతారు, నీకు కావాలేమో డాక్టర్ని అడుగు, సొంతంగా వేసుకోకు. ఐదో నెల దాటాక మొహం వాచినా, తలనొప్పి తగ్గకపోయినా, కళ్లు మసకబారినా అర్ధరాత్రైనా సరే హాస్పిటల్‌కి వెళ్లిపో.

చిన్ని_అమ్మ:
డౌన్ సిండ్రోమ్ 25 ఏళ్లకి సుమారు 1250లో ఒకరికి, 35కి 350లో ఒకరికి, 40కి 100లో ఒకరికి. పెరిగింది నిజమే, కానీ మీ వయసులో కూడా నూటికి 99 మందికి పైగా ఆ సమస్య ఉండదు అండీ. ఆ రిస్క్ ఎంతో చూసే ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక భాగం చూసే స్కాన్), డబుల్ మార్కర్ (తల్లి రక్త పరీక్ష) 14 వారాలు నిండకముందే చేయించుకోండి. హై రిస్క్ అని వచ్చినా బిడ్డకి ఉన్నట్టు కాదు, ఖాయంగా చెప్పేది ఉమ్మనీరు పరీక్ష లాంటివే.

కరీంనగర్ పిల్ల:
నాకు 37ల పాప పుట్టింది అక్కా. షుగర్ టెస్ట్‌కు 75 గ్రాముల గ్లూకోజు నీళ్లల్ల కలిపి తాగిపిస్తరు, రెండు గంటలకు రక్తం తీస్తరు, 140 దాటితే షుగర్ అంటరు. గటగటా తాగితే వాంతైతది, మళ్ల ఇంకోరోజు పోవాలె, మెల్లగ తాగు. నాకు దాటింది, అన్నం తగ్గించి తిన్నంక నడిచిన, ఇన్సులిన్ దాక పోలె. కాన్పైనంక ఆరు వారాలకు మళ్ల టెస్ట్ చేయించుకోవాలె, చానమంది అది ఇడిచిపెడతరు. ఇగ ఆపరేషన్ అంటవా, మన తెలంగాణల 2019-21 సర్వేలనే 60.7 శాతం సిజేరియన్లు, అండ్ల ఇరవై ఏండ్ల పిల్లలు లేరా ఏంది? ఒక్క వయసు చూపిచ్చి ముందుగాలనే డేట్ ఇస్తే ఎందుకని అడుగు.

ప్రశ్న అడిగినావిడ:
థాంక్స్ అందరికీ, శనివారం ఎన్‌టీ స్కాన్ ఉంది. డబుల్ మార్కర్‌కి పరగడుపున వెళ్లాలా?

వైజాగ్ అక్క:
అక్కర్లేదు, టిఫిన్ తినే వెళ్లు. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లు.