రాత్రి తొమ్మిదిదాకా కూర్చుంటే పని నిజంగా ఎక్కువ అవుతోందా?

కోడ్‌కూలి:
సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గరపడిందని మా టీమంతా కొన్ని వారాలుగా రాత్రి తొమ్మిది దాటేదాకా కదలడం లేదు. ఆరు తర్వాత మెర్జ్ అయిన (అసలు ప్రోగ్రామ్‌లో కలిపేసిన) కోడే మర్నాడు బగ్గులై తిరిగొస్తోంది. మీకు ఏ టైమ్‌కి బుర్ర ఆగిపోతుంది? మేనేజర్‌కి ఎలా చెప్పాలి? ఇదంతా ఎక్కడైనా రాసి పెట్టుకుంటే పనికొస్తుందా?

తీరికలేనోడు:
మేనేజర్‌కి చెప్తావా! మా దగ్గర చాట్‌లో పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోందా లేదా అన్నదే లెక్క. దానికోసం మౌస్ కదిపే పరికరాలు కొనుక్కున్నవాళ్ళున్నారు. పని ముగించి ఆరింటికి లేచినందుకు నా అప్రైజల్‌లో 'ఓనర్‌షిప్ లేదు' అని రాశారు. పక్క సీటతను తొమ్మిదిదాకా క్రికెట్ స్కోరు చూస్తూ కూర్చుంటాడు, అతనికి ప్రమోషన్.

గణాంకాలరావు:
దీని మీద లెక్కలు ఎప్పుడో తేలాయి. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014లో, మొదటి ప్రపంచ యుద్ధంనాటి బ్రిటన్ ఆయుధ కార్మికుల రికార్డులు తీసి చూశాడు. వారానికి 49 గంటల దగ్గరిదాకా గంటలతోపాటు ఉత్పత్తీ పెరిగింది. ఆ పైన ప్రతి అదనపు గంటకీ దక్కేది తగ్గుతూ పోయింది. 70 గంటలు చేసినా 56 గంటలకి వచ్చిన దానికంటే పెద్దగా ఎక్కువ రాలేదు. చర్చ ఇక్కడితో ముగించవచ్చు.

పాతకాపు:
అంత తొందరేం సార్? ఫిరంగి గుండ్లయితే లెక్కపెట్టొచ్చు, డిజైన్ డాక్యుమెంట్‌ని ఎలా లెక్కపెడతారు? ఇరవై ఏళ్ళుగా ప్రాజెక్టులు నడుపుతున్నవాడిగా చెప్తున్నా. కష్టమైన సమస్య తలకెక్కడానికే సగం రోజు పోతుంది. ఎక్కాక ఆరయిందని లేచి వెళ్ళిపోతే మర్నాడు మళ్ళీ మొదటికే.

గణాంకాలరావు:
తలకెక్కిన తలే అలసిపోతే? 17 గంటలు మెలకువగా ఉంటే పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో వచ్చింది. పొద్దున ఆరింటికి లేచినవాడికి రాత్రి పదకొండుకల్లా ఆ గీత వచ్చేస్తుంది. మీరు డిప్లాయ్‌మెంట్లు (కొత్త కోడ్‌ని వాడకంలోకి తేవడం) పెట్టేది ఆ టైమ్‌కే కదా?

పాతకాపు:
పేపర్లు చదివినవాళ్ళందరూ డెలివరీ చేయలేరండీ. నేను ఇంతవరకూ ఒక్క డేట్ తప్పలేదు.

రెండోషిఫ్ట్:
డేట్ తప్పలేదు సరే, టీమ్‌లోంచి ఎంతమంది తప్పుకున్నారో కూడా చెప్పండి.

పాతకాపు:
పర్సనల్‌గా రావద్దమ్మా. వెళ్ళేవాళ్ళు జీతాల కోసం వెళ్తారు.

రెండోషిఫ్ట్:
'అమ్మా' అక్కర్లేదు. పగలంతా కాల్స్ పెట్టి ఊపిరాడనివ్వరు. అసలు పని మొదలయ్యేది అందరూ లాగాఫ్ అయ్యాకే. సాయంత్రం అయిదున్నరకి 'ఒక్క పది నిమిషాలు' అని మీటింగ్ పెట్టేవాళ్ళ మీద ఒక్కరూ పరిశోధన చేయరేం? ఇంటికెళ్తే పిల్లల హోంవర్క్, వంట, ఆ తర్వాత మళ్ళీ లాప్‌టాప్. ఈ గంటలు ఏ రికార్డుల్లోకీ ఎక్కవు.

అనువాదకురాలు:
నాకు బాస్ లేడు, పదాల లెక్కన డబ్బులు. కాబట్టి నన్ను నేను మోసం చేసుకుంటే నష్టం నాకే. నాలుగైదు గంటలు దాటితే వాక్యం చదవడానికి బాగానే ఉన్నట్టుంటుంది, కానీ 'కాదు' అన్నచోట 'అవును' పడిపోతుంది. అందుకే అనువాదం మధ్యాహ్నం వరకే. తర్వాత ఇన్‌వాయిస్‌లు, మెయిళ్ళు, ఫార్మాటింగ్. ఇలా మార్చాక ఆదాయం తగ్గలేదు, ఎడిటర్లు వెనక్కి పంపడం మాత్రం తగ్గింది.

నెలాఖరు:
మీకు కుదిరింది కాబట్టి చెప్తున్నారు. మా ఆడిట్ ఫర్మ్‌లో క్లయింట్‌కి బిల్లు గంటల లెక్కనే. పని త్వరగా చేసినవాడు కంపెనీ ఆదాయానికి గండి కొట్టినట్టే. ఇక ప్రొడక్టివిటీ ఎవడిక్కావాలి? నా బీపీ సంగతి వేరే చెప్పాలా... ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ), అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) కలిసి 2021లోనే చెప్పాయి, వారానికి 55 గంటలు దాటితే 35-40 గంటలవాళ్ళకంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని. మా ఫర్మ్ పార్ట్‌నర్‌కి ఆ లింక్ పంపితే 'యోగా చెయ్' అన్నాడు.

తీరికలేనోడు:
హహ. యోగా సెషన్ కూడా ఆఫీసు అయ్యాకే పెట్టుంటారు. అన్నట్టు ఎరిన్ రీడ్ అనే పరిశోధకురాలు ఒక కన్సల్టింగ్ సంస్థని చూసి 2015లో రాసింది. వారానికి 80 గంటలు నిజంగా చేసేవాళ్ళనీ, చేస్తున్నట్టు కనిపించేవాళ్ళనీ బాసులు వేరుచేసి చెప్పలేకపోయారట. నా పక్క సీటు మనిషికి ఈ విషయం ముందే తెలిసినట్టుంది.

కోడ్‌కూలి:
నేనడిగిన దానికి ఎవరూ జవాబివ్వలేదు. రాసి పెట్టుకోవాలా, వద్దా?

అనువాదకురాలు:
గంటలు రాయకండి. 'అంత కష్టపడుతున్నావా, శభాష్' అని సరిపెడతారు. తిరిగొచ్చిన బగ్గులు, వాటి కోడ్ మెర్జ్ అయిన టైమ్, సరిచేయడానికి పట్టిన సేపు రాయండి. వచ్చే రిలీజ్ ప్లానింగ్‌లో అది ముందు పెట్టండి.

పాతకాపు:
ఆ లెక్క నిలబడదు. సాయంత్రం మెర్జ్ అయ్యేవి ఎప్పుడూ కష్టమైనవే, వాటిలో బగ్గులు ఎక్కువ ఉండటం మామూలే. పైగా టెస్టింగ్ వాళ్ళ ఆలస్యం కూడా అందులో కలిసిపోతుంది.

గణాంకాలరావు:
మొదటి అభ్యంతరం సరైనదే. సైజు, కష్టం దగ్గరగా ఉన్న టికెట్లనే (విడివిడిగా అప్పగించిన పనులనే) పక్కపక్కన పెట్టి చూడాలి.

బగ్గులపిల్ల:
టెస్టింగ్ వాళ్ళ పేరెత్తకండి సార్. బిల్డ్ (టెస్ట్ చేయాల్సిన సాఫ్ట్‌వేర్) మా చేతికొచ్చేదే రాత్రి ఎనిమిదికి. పొద్దున పదికల్లా రిపోర్ట్ కావాలంటారు. ఆలస్యం ఎవరిదో టైమ్‌స్టాంపులతో సహా పెట్టమంటారా?