వెదకి చూచిన? వెతికి చూచిన?

(బెంగళూరు తెలుగువాళ్ల కబుర్లు. ఎవరుండే పేట పేరే వాళ్ల పేరు.)

వైట్‌ఫీల్డ్: ఒక యాప్‌కి తెలుగు మాటలు రాస్తున్నాను. సెర్చ్, సీక్, ఇన్వెస్టిగేట్ అన్నీ వరసగా ఉన్నాయి. సెర్చ్ దగ్గర 'వెతుకు' అని రాయబోతుంటే పోతన పద్యం అడ్డం పడింది. 'ఎందెందు వెదకి చూచిన.' బళ్లో 'వెతికి' అని చదివినట్టే నా చెవిలో ఉంది. ఏది సరి? బటన్ మీద ఏది పెట్టను?

మల్లేశ్వరం: వెదకి. సందేహము వలదు.

జయనగర్: సందేహం ఎందుకు వద్దు మాస్టారూ? రెండూ మూడేసి లఘువులే. ముందున్న 'దు'తో కలిపితే నాలుగు. 'దువెదకి' నలం, అంటే నాలుగు లఘువుల గణం, 'దువెతికి' కూడా నలమే. కందంలో మూడో పాదానికి యతి లేదు. ప్రాస 'డెందెందు' దగ్గరే తీరిపోయింది. ఇక్కడ ఛందస్సు సాక్ష్యం చెప్పదు.

మల్లేశ్వరం: చెవి చెప్తుంది. ఇందు, అందు, సందేహము, ఎందెందు, అందందే. పద్యమంతా దకారం మోగుతోంది. మధ్యలో తకారం పడితే పంటి కింద రాయే. యతి మాట ఎత్తారు కాబట్టి నాలుగో పాదం చూడండి. 'నందందే'లోని అకారానికి జోడీ ఎక్కడుంది? 'దానవాగ్రణి'లో, దానవ + అగ్రణి సంధిలో కరిగిపోయిన అచ్చు. వెదికితే గాని కనపడదు, కంబంలో హరిలాగే. ఆ పాదం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

యలహంక: దకారానికి మా ఇంటి ఓనరమ్మ కూడా సాక్ష్యం. నిన్న తాళంచెవి కోసం మెట్ల మీద కూర్చుని బ్యాగంతా కెలుకుతున్నాను. 'ఏనమ్మా బెదకుత్తిద్దీయా?' అన్నారు. మన వేరు వాళ్లకి బేరు, విల్లు బిల్లు, వేప బేవు. అలాగే వెదకు, బెదకు. కన్నడంలో మామూలుగా అనేది హుడుకు. బెదకు అంటే చేత్తో తడిమి, కెలికి చూడటం. మన మాటకీ మొదట ఈ చేతి పనే అర్థమై ఉంటుందని నా నమ్మకం.

కోరమంగళ: నాకు మాత్రం 'వెద'లోనే ఉందనిపిస్తుంది. వెదజల్లిన గింజ ఎక్కడ పడిందో చూసుకోవడమే వెదకడం.

మల్లేశ్వరం: ముద్దుగా ఉంది, నిలవదు. మరి ఆ 'కు' ఎక్కడిది?

జయనగర్: అక్క అడిగిన ఇంగ్లిష్ మాటలు పక్కకి పోయాయి. సెర్చ్ మూలం లాటిన్‌లో చుట్టూ తిరగడం, సర్కిల్‌కి చుట్టం. ఇన్వెస్టిగేట్‌లో ఉన్నది అడుగు ముద్ర, అంటే జాడ తీయడం. ర్యాన్‌సాక్ పాత నార్స్ మాట, ఇల్లు గాలించడం. మన సోదా సరిగ్గా అదే. ఇక సీక్ అంటారా, 'వెదకుడి మీకు దొరకును' అని మత్తయి సువార్త ఉండనే ఉంది. అక్కడ 'వెతుకుడి' అని చదివి చూడండి, నోరు తిరగదు. అదే సువార్తలో 'మమ్మును శోధనలోకి తేక' అని కూడా ఉంది. అక్కడ శోధన అంటే పరీక్ష పెట్టడం. అందుకే బటన్ మీద 'శోధించు' మాత్రం పెట్టకండి. మా అమ్మ ఫోన్లో ఆ మాట చూసి, 'ఎవర్ని శోధించమంటోందిరా ఇది?' అని నిజంగా కంగారు పడింది.

కోరమంగళ: సంస్కృతానికి వెళ్తే గవేషణ ఉంది. గో + ఏషణ, ఆవుల కోసం తిరగడం. తప్పిపోయిన ఆవును చీకటి పడేదాకా వెతికిన ఇంట్లో పుట్టాను. రీసెర్చ్‌కి నేనైతే ఆ మాటే రాస్తాను.

మల్లేశ్వరం: 'వెదికిన' అనాలి.

వైట్‌ఫీల్డ్: సాయంత్రం లోపు ఫైల్ పంపాలి. 'వెదకు' పెడితే మా టీమ్ పాతవాసన అంటారు. 'వెతుకు' పెడితే మాస్టారు ఊరుకోరు.

యలహంక: రోజూ అనేది వెతుకే కదా. పెట్టెయ్యండి.

మల్లేశ్వరం: బటన్ సంగతి తర్వాత. ఆ పద్యంలోని 'సర్వోపగతుండు' అంటే ఎవరైనా చెప్పండి. అంతటా ఉన్నవాడనా, అంతటికీ చేరినవాడనా? ఆ 'ఉప' నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు.

జయనగర్: చేరినవాడే. గతుడు అన్నాడు కదా.

మల్లేశ్వరం: చేరినవాడైతే, చేరక ముందు ఎక్కడున్నట్టు?