చుక్ చుక్ రైలులో 'చ' దంత్యమా, తాలవ్యమా?

బొమ్మరైలు: మనవరాలి కోసం 1:87 కొలతలో డబ్ల్యూపీ అనే పాత భారతీయ రైల్వే ఆవిరి ఇంజను బొమ్మకూ, నాలుగు పెట్టెలకూ దీపాలు, ధ్వని అమరుస్తున్నాను. పెట్టెల పని పూర్తయింది. చక్రాలకు ఆనే కంచు రేకులతో కరెంటు తీసుకుని, బ్రిడ్జి రెక్టిఫయర్ మీదుగా ఎల్‌ఈడీ పట్టీకి ఇచ్చాను. పట్టా మీద దుమ్ము అడ్డుపడినప్పుడు దీపం మిణుకుమనకుండా కెపాసిటర్ పెట్టాను. ఇంజనులో దీపాలనూ ధ్వనినీ నడిపించే చిన్న సర్క్యూట్ డీకోడర్. అందులో సొంత ధ్వనికి ఒక చోటు మిగిలింది. మీట నొక్కగానే మనవరాలి గొంతులో "చుక్ చుక్ రైలు వస్తోంది" అని వినిపించాలని కోరిక. చిక్కు ఆ పిల్లల పాట రెండో పాదంతో వచ్చింది. మా అమ్మ "దూరం దూరం జరగండి" అనేదని నా జ్ఞాపకం. మా ఆవిడ "పక్కకు పక్కకు" అంటుంది. ఏది పాతది?

పాతపుస్తకం: రెండో పాదం సంగతి తరువాత చూద్దాం. పాప మొదటి అక్షరం ఎలా పలుకుతోంది? అచ్చతెలుగు మాటలో ఉకారంతో కూడిన చ దంత్యం, అంటే నాలుక పళ్ళ దగ్గర తగిలి పలికేది. చుక్క, చుట్టం, చురుకు అన్నీ అంతే. ఆ లెక్కన ఇది ౘుక్ ౘుక్ కావాలి. కానీ నేను విన్నవారంతా చీమలోని చ లాగా, నాలుక అంగిటికి తగిలేలా, తాలవ్యంగానే పలుకుతారు. కాబట్టి ఈ మాట మన నేల మీద పుట్టింది కాదు. హిందీ ఛుక్ ఛుక్ మనదాకా వచ్చేసరికి ఒత్తు వదులుకుంది.

గోదావరిగట్టు: ధ్వన్యనుకరణకు బాలవ్యాకరణంలోని సంజ్ఞా పరిచ్ఛేదం కొలబద్ద కాదండీ. చెవికి ఎలా వినిపిస్తే నోరు అలా తిరుగుతుంది. మా నాయనమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు. ఆమె కూడా తాలవ్యంగానే పలికేది.

పాతపుస్తకం: ఆమెకు రానక్కరలేదు, బడి నుంచి పిల్లలు తెస్తే చాలు. ధ్వన్యనుకరణకు నియమం లేదంటున్నారు, బాగుంది. మరి "చురుక్కున కాలింది" అన్నప్పుడు దంత్యం ఎందుకు పలుకుతున్నాం? అదీ అనుకరణమే కదా.

బొమ్మరైలు: మీ మాట విని రెండు రకాలుగానూ పలికించి చూశాను. నా స్పీకరు 11 × 15 మిల్లీమీటర్లది, వెనుక గాలి చొరబడని చిన్న డబ్బా బిగించాను. ఇంత చిన్నదానిలో మంద్రం పలకదు, తారస్థాయే పలుకుతుంది. దంత్య చకారంలో సకారం లాంటి ఈల ఉంటుంది కదా, అదొక్కటే గుచ్చినట్టు వినిపించింది, ఉకారం మాయమైంది. తాలవ్యం మెత్తగా, నిండుగా వచ్చింది. ఆవిరికి అదే దగ్గర.

ఆవిరిబండి: రికార్డింగు సెకనుకు ఎన్ని నమూనాలదో చూసుకోండి. 16 వేలే అయితే 8 వేల హెర్ట్జ్‌కు పైనున్నదేదీ దక్కదు. దంత్యానికి అన్యాయం జరిగేది అక్కడే, స్పీకరును తప్పు పట్టవద్దు.

అసలు నాకు అభ్యంతరం "వస్తోంది" దగ్గర. డబ్ల్యూపీకి రెండు సిలిండర్లు. ఒక్కొక్కటి రెండు వైపులా ఆవిరి వదులుతుంది కనుక పెద్ద చక్రం ఒకసారి తిరిగితే నాలుగు చుక్‌లు. ఆ చక్రం వ్యాసం సుమారు 1.7 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 12 పైచిలుకు చుక్‌లు పడతాయి, ఏ నోటికీ అందవు. విడివిడిగా వినిపించేది బండి కదిలేటప్పుడే. స్టేషనులోకి వచ్చేటప్పుడు డ్రైవరు ఆవిరి కట్టేస్తాడు, బండి ఊపు మీద జారుతూ వస్తుంది. కనుక చుక్ చుక్‌మనే రైలు వెళ్తోంది, రావడం లేదు.

గోదావరిగట్టు: వెళ్ళే రైలుకు జనం ఎందుకు జరగాలి? ఆ తరువాత "ఆగినాక ఎక్కండి" అని ఉంది కదా!

ఆవిరిబండి: అందుకే ఆ పాదాలు తరువాత ఎవరో అతికించినవని నా నమ్మకం.

మృదంగం: చుక్ ఇంజను గొంతు, అందరూ దానినే పట్టుకున్నారు. పెట్టెల గొంతు టకటక. పాత ఐసీఎఫ్ (చెన్నై పెట్టెల కర్మాగారం) పెట్టెలో ఒక బోగీ ఇరుసుల మధ్య దూరం 2.896 మీటర్లు. బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, కిందనుండే నాలుగు చక్రాల చట్రం. ఆ చట్రాల కేంద్రాల మధ్య 14.783 మీటర్లు. పట్టా అతుకు పక్కన నిలబడితే ఒక పెట్టె వెనుక చట్రం, దాని వెంటే వచ్చే పెట్టె ముందు చట్రం కలిసి నాలుగు దెబ్బలు దగ్గర దగ్గరగా వేస్తాయి. తరువాత విరామం. తకతక తకతక, మౌనం. ఇప్పుడు పట్టాలను పొడవుగా అతికేయడం వల్ల పిల్లలకు ఆ తాళమే తెలియకుండా పోతోంది, నాకు బాధగా ఉంటుంది. బొమ్మరైలు గారూ, 13 మీటర్ల పట్టా మీ కొలతలో 149 మిల్లీమీటర్లు. అంత దూరానికొకసారి సన్నని రంపంతో పట్టా మీద గాటు పెట్టండి. ఏ డీకోడరూ లేకుండానే పెట్టె పాడుతుంది.

కందపద్యం: నాలుగు దెబ్బలు అనగానే పోతన గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు! "అడిగెద నని కడువడిఁ జను." మూడు నలాలు, అంటే నాలుగేసి లఘువుల గణాలు, గణానికి నాలుగు మాత్రలు, పద్యమంతా పాదాంతంలో తప్ప గురువన్నదే లేదు. లక్ష్మీదేవి అడుగు తడబడటాన్ని డకారం మోగిస్తుంది. లైను క్లియరు దొరకక కదిలి ఆగి, ఆగి కదిలే బండిలో కూర్చున్నప్పుడల్లా నాకు ఈ పద్యమే వినిపిస్తుంది. రైలుకు నాలుగు వందల ఏళ్ళ ముందే ఆయన ఆ నడక పట్టాడు.

మృదంగం: నలంలో నాలుగూ సమానం. పెట్టె దెబ్బల మధ్య వరుసగా 2.9, 4.6, 2.9 మీటర్లు, ఆపైన దాదాపు 12 మీటర్ల ఖాళీ. ఇది కందానికి ఒదగదండీ.

కందపద్యం: చదివేటప్పుడు మనం మాత్రం సమానంగా చదువుతామా? "నడుగిడు నడుగిడదు" దగ్గర గొంతు ఎంతసేపు ఆగుతుందో మీరే చదివి చూడండి.

పాతపుస్తకం: పద్యం ఎత్తారు కనుక అడుగుతున్నాను. రెండో పాదంలో "మగుడ నుడువఁడని" అంటారా, "నుడుగఁడని" అంటారా? నేను రెండూ విన్నాను. ఆ వెంటనే "నడ యుడుగున్" ఉంది. నుడుగఁడు అంటేనే ఉడుగుతో జత కుదురుతుంది.

కందపద్యం: మా తాతగారి నోట నుడువఁడే. ఆ పక్కనే గకారం ఉంది కనుక ఇక్కడ వకారం ఉంటేనే చెవికి విడుపు. "సిడిముడి", "చిడిముడి" సంగతి కూడా తేల్చాలి.

పాతపుస్తకం: చిడిముడి అయితే ఇకారం కనుక తాలవ్యం. చూశారా, మళ్ళీ చకారానికే వచ్చాం.

బొమ్మరైలు: నిన్న రాత్రి రెండు గాట్లు పెట్టి చూశాను. మృదంగం గారు చెప్పినట్టే పెట్టె మోగింది. పాప ఆ చప్పుడుకు చెవి ఒగ్గి "టకటక రైలు వస్తోంది" అంది. అదే రికార్డు చేశాను. రెండో పాదం కోసం డీకోడర్‌లో మూడు సెకన్ల చోటు వదిలాను. దూరమా, పక్కకా?

పాతపుస్తకం: ముందు నుడువఁడు సంగతి తేలనివ్వండి.