చీకటి గదిలో కొన్ని రోజులు: అనుభవం ఉన్నవారు చెప్పండి

నీలిరేఖ:
ఒక గదిని పూర్తిగా చీకటి చేసుకుని కొన్ని రోజులు ధ్యానంలో ఉండాలనుకుంటున్నాను. వెలుతురు చొరబడకుండా ఎలా మూయాలి, బయట ఒకరు తోడుండటం తప్పనిసరా, కళ్ల ముందు వెలుగులు కనిపిస్తాయనేది నిజమేనా?

తలుపుసందు:
అందరూ వెలుతురును ఆపడం గురించే మాట్లాడతారు గాని, గాలి గురించి ఒక్కరూ ఎత్తరు. సందులన్నీ బిగించేస్తే మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ గదిలోనే పేరుకుని తల దిమ్మెక్కుతుంది. గాలి మలుపు తిరుగుతుంది, వెలుతురు తిరగలేదు. అందుకని లోపల నల్లరంగు పూసిన వంపుల గొట్టం అమర్చుకున్నాను, భేషుగ్గా పనిచేసింది. ఛార్జర్ మీది ఎల్‌ఈడీని కూడా వదలకండి. అరగంట దాటి కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, ఆ ఒక్క చుక్కకే ఎదురుగోడ కనిపిస్తుంది.

పాతసాధకుడు:
గొట్టాలతో సాధన రాదు. టిబెట్‌లోని బోన్, న్యింగ్మా సంప్రదాయాలలో 49 రోజుల చీకటి ఏకాంతవాసం ఉంది. గురూపదేశం లేనివారికి అది తగదు. ఇక వెలుగులంటారా, చీకటిలో మెదడులోని పీనియల్ గ్రంథి, దృశ్యాలు చూపించే డీఎంటీ అనే రసాయనాన్ని స్రవిస్తుంది కాబట్టే అవి కనిపిస్తాయి. ఏళ్ల తరబడి సాధన చేసినవాడిగా చెబుతున్నాను.

పరిశీలకుడు:
ఎలుకల పీనియల్ గ్రంథిలో డీఎంటీ ఉన్నట్లు 2013లో కనుగొన్న మాట నిజమే గాని, చీకటిలో ఉంటే మనుషులలో అది పెరుగుతుందని ఎవరూ నిరూపించలేదు. ఆ గ్రంథి స్రవించేది నిద్రకు సంబంధించిన మెలటోనిన్ అనే హార్మోన్. అదైనా శరీర గడియారాన్ని అనుసరించే వస్తుంది తప్ప, చీకటి ఉంది కదా అని రోజంతా కారదు.

పాతసాధకుడు:
మీరు ఒక్క రాత్రయినా గడిపి చూశారా? పుస్తకజ్ఞానంతో అనుభవాన్ని కొట్టిపారేయకండి.

పరిశీలకుడు:
గడిపాను. నాకూ ముందు ఊదారంగు మబ్బులు, తర్వాత గళ్లు గళ్లుగా గీతలు కనిపించాయి. కంటి నుంచి సమాచారం ఆగితే మెదడులోని దృష్టి కేంద్రం తనంతట తానే బొమ్మలు కడుతుంది. చూసింది అబద్ధమని నేను అనలేదు, మీరు చెప్పిన కారణానికి ఆధారం లేదన్నాను. ఈ తేడా గ్రహించే ఓపిక కూడా సాధనలో భాగమే కాదా?

రేచుక్క:
అసలు వింత కాలానిది. 1962లో ఫ్రెంచి భూగర్భ శాస్త్రవేత్త మిషెల్ సిఫ్ర్ గుహలో రెండు నెలలు గడిపి సెప్టెంబర్ 14న బయటికి వస్తే, ఆయన లెక్కలో అది ఇంకా ఆగస్టు 20.

తలుపుసందు:
ఆయన దగ్గర దీపం ఉంది, గడియారమే లేదు. దాన్ని చీకటి సాధనలో కలపకండి.

వెన్నంటి:
మీ వాదాలు అలా ఉంచండి. ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ రుగ్మత ఉన్న మా తమ్ముణ్ణి ఒక కేంద్రంవారు డబ్బు కట్టించుకుని చీకటి గదిలోకి పంపారు. మందుల గురించి గాని, నిద్ర గురించి గాని ఒక్క ప్రశ్న అడగలేదు. నిద్ర చెదిరితే ఉన్మాదం తిరగబెట్టవచ్చని వారికి తెలియదనుకోవాలా?

పాతసాధకుడు:
అందుకే గురువు కావాలన్నాను.

వెన్నంటి:
అక్కడ గురువు ఉన్నారండీ. లేనిది వైద్యుడు.

నీలిరేఖ:
తోడు సంగతి ఎవరూ చెప్పలేదు.

తలుపుసందు:
తప్పనిసరి. భోజనం అందించడానికి రెండు తలుపుల పెట్టె ఒకటి చేయించండి. బయటి తలుపు మూశాకే లోపలిది తెరవాలి. రోజూ పెట్టె తట్టగానే మీరు తిరిగి తట్టాలని, తట్టకపోతే తోడున్నవారు గదిలోకి వచ్చేయాలని ముందే మాట అనుకోండి. గడియ మాత్రం లోపలి వైపు పెట్టించకండి.