క్యాస్టింగ్‌కి పంపే ఫొటోలు: వైజాగ్‌లో స్టూడియో ప్యాకేజీ తీసుకోవాలా?

ఎంవీపీ కుర్రోడు

అందరికీ నమస్తే. వయసు 24, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. నాటకాలు వేస్తున్నాను, ఇక సినిమాలకీ వెబ్ సిరీస్‌లకీ ఫొటోలు పంపడం మొదలెట్టాలి. ద్వారకానగర్‌ వైపు ఒక స్టూడియోలో అడిగితే 15 వేల ప్యాకేజీ చెప్పారు: ఆరు డ్రెస్సులు, 150 ఫొటోలు, ఆల్బమ్, బీచ్‌లో ఔట్‌డోర్. పైగా “మా దగ్గర తీయించుకుంటే హైదరాబాద్ మేనేజర్లకి మేమే పంపిస్తాం” అంటున్నారు. ఇంత అవసరమా? స్టూడియో మంచిదా, బీచ్ మంచిదా? గడ్డం ఉంచాలా, తీసేయాలా?

నలుపుతెలుపు

150 ఫొటోలు ఎవరూ చూడరు గురూ. మామూలుగా అడిగేవి ఆరు. క్లోజప్‌లు రెండు, ఒకటి నవ్వుతూ, ఒకటి నవ్వకుండా. నడుము దాకా మిడ్ షాట్. తల నుంచి చెప్పుల దాకా ఫుల్ లెంగ్త్. ఎడమ ప్రొఫైల్, కుడి ప్రొఫైల్. ఆల్బమ్ పెళ్లికి పనికొస్తుంది, దీనికి కాదు. కాబట్టి ప్యాకేజీ మాట వదిలేసి ఇలా అడుగు: రెండు గంటల సెషన్, మూడు చొక్కాలు, ఎడిట్ చేసినవి ఎనిమిది, మిగతా ఫైళ్లన్నీ ఎడిట్ చేయకుండా. రేటు ఆ లెక్కనే మాట్లాడుకో.

అడ్వాన్స్ ఇచ్చే ముందు వాళ్లు తీసిన క్లోజప్‌లు పెద్దవి చేసి చూడు. రెండు కళ్లూ పదునుగా ఉన్నాయా? కనుపాపలో లైటు చుక్క ఉందా? చర్మం చర్మంలా ఉందా, మైనంలా ఉందా? మన దగ్గర చాలామందికి పెళ్లిళ్లే ప్రధానం, ఆ అలవాట్లు ఇక్కడికి వచ్చేస్తాయి. ముఖ్యంగా ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే కంత. అంకె తగ్గేకొద్దీ కంత పెద్దది. 1.4లో తీస్తే వెనకంతా కరిగిపోయి అందంగా కనిపిస్తుంది, కానీ మొహం కాస్త తిప్పావంటే దగ్గరి కన్ను మాత్రమే ఫోకస్‌లో ఉండి రెండోది మసకబారుతుంది. ఎఫ్ 4 నుంచి 5.6 మధ్య పెట్టమను. షట్టర్ సెకనులో 160వ వంతు, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 100 చాలు.

లెన్స్ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకి 85 ఎంఎం, క్రాప్ (చిన్న) సెన్సర్‌కి 50 సరిపోతుంది. 35తో మీదకొచ్చి తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. నిజానికి తప్పు లెన్స్‌ది కాదు, దూరానిది. కెమెరా రెండడుగుల్లో ఉంటే ముక్కుకీ చెవికీ మధ్యనున్న నాలుగైదు అంగుళాలు పెద్ద తేడా కింద లెక్క. ఆరడుగుల్లో ఉంటే అది లెక్కలోకే రాదు. ఆరడుగులు గుర్తుపెట్టుకో.

లైటింగ్‌కి ఒక్కటే పెద్ద సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్ ముందు తెల్ల గుడ్డ కట్టిన పెట్టె), మూడు నాలుగు అడుగులది. మొహానికి 45 డిగ్రీల పక్కన, కంటికి అడుగు పైన, సుమారు నాలుగడుగుల దూరంలో. రెండోవైపు తెల్ల థర్మకోల్ షీటు నిలబెడితే నీడ మెత్తబడుతుంది. లైటు మరీ ఎత్తులో పెడితే కళ్లు గుంటల్లోకి పోతాయి. గోడకి ఐదారు అడుగులు ముందుకు నిలబడు, లేకపోతే నీ నీడ వెనక అతుక్కుంటుంది. బ్యాక్‌గ్రౌండ్ బూడిద రంగు. ఎర్ర లైటు, నీలం లైటు అంటే వద్దని చెప్పెయ్, అందులో నీ ఒంటి రంగే తెలియదు.

ఇక బీచ్. మన సముద్రం తూర్పున ఉంది, ఈ ఒక్క ముక్క మర్చిపోయి చాలా షూట్‌లు పాడవుతాయి. పొద్దున్న సముద్రం వైపు తిరిగితే ఎండ కళ్లలో పడి కళ్లు చిట్లించాల్సిందే. వీపు పెడితే మొహం నల్లబడుతుంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత సంగతి వేరు. సూర్యుడు ఊరి వైపు బిల్డింగుల వెనక్కి, కొండల వెనక్కి దిగుతాడు, సముద్రం మీది ఆకాశం అంతా మెత్తటి వెలుగు ఇస్తుంది. ఎండ పడని చోటు చూసుకుని మొహం సముద్రం వైపు పెట్టు. గాలి అటు నుంచే వస్తుంది కాబట్టి జుట్టు వెనక్కే పోతుంది. అదే సముద్రానికి వీపు పెడితే జుట్టంతా మొహం మీదే. డిసెంబరులో ఐదున్నరకల్లా పొద్దు పోతుంది, అప్పుడు గంట ముందే మొదలెట్టాలి. ఆర్కే బీచ్‌లో శని, ఆదివారాల సాయంత్రాలు జనం ఫ్రేమ్‌లోకి వస్తారు, రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తే కాస్త ఖాళీ. ఏసీ కారులోంచి తీసిన కెమెరా లెన్స్ ఆ ఉక్కకి ఆవిరి పట్టేస్తుంది, పావుగంట ముందే బయటకి దించి బ్యాగులోనే ఉంచాలి. లెన్స్ మీద ఉప్పు జిగురు పడితే ఫొటోలన్నీ పాలిపోయినట్టు వస్తాయి, మధ్యమధ్యలో తుడవమను.

బీచ్ ఫొటో అదనం మాత్రమే. అసలు ఆరూ లోపలే తీయించుకో.

ఇంకో మాట. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17 ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాడే మొదటి హక్కుదారు. “వేరే ఒప్పందం” బిల్లు వెనక సన్న అక్షరాల్లో ఉంటుంది. చదివి సంతకం పెట్టు.

పఫ్ అక్క

లైట్ల సంగతి పైన చెప్పేశారు. మొహం సంగతి నేను చెప్తాను తమ్ముడూ.

మేకప్ చేసేవాళ్లకి ముందే చెప్పు, పెళ్లికొడుకు మేకప్ వద్దని. ఒక షేడ్ తెల్లగా వేస్తే మొహం ఒక రంగు, మెడ ఒక రంగు వస్తుంది. జిడ్డు టిష్యూతో అద్ది, కళ్ల కింద నలుపు కప్పడానికి కొంచెం కన్సీలర్, పైన పల్చగా పౌడర్. అంతే. సిలికా ఉన్న తెల్ల పౌడర్ ఎక్కువైతే కంటికి కనపడదు గానీ ఫ్లాష్ పడగానే సున్నం కొట్టినట్టు తేలుతుంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ కూడా అదే పని చేస్తుంది. ఆ రోజు రాసుకోకు. జుట్టుకి కొబ్బరినూనె కూడా వద్దు, నడినెత్తి మెరుస్తుంది.

కటింగ్ వారం ముందు చేయించుకో. చొక్కాలు మూడూ ప్లెయిన్‌వే: నేవీ, ముదురాకుపచ్చ, ఇటుక రంగు ఇలాంటివి. సన్న గీతలు, సన్న గళ్లు వద్దు, కెమెరాలో అలలు అలలుగా వస్తాయి. మెరిసే తెల్లది వేస్తే మొహం కన్నా చొక్కాయే ముందు కనపడుతుంది. బొమ్మలు, అక్షరాలు ఉన్న టీషర్టులు అసలే వద్దు. ఇస్త్రీ చేసి హ్యాంగర్‌తోనే పట్టుకెళ్లు. బ్యాగులో కుక్కి బండి మీద వెళ్తే భుజాల దగ్గర మడతలు పడతాయి, ఎడిటింగ్‌లో పోవు.

గడ్డానికి వరస ముఖ్యం. ముందు నిండు గడ్డంతో అన్నీ తీయించు. తర్వాత ట్రిమ్మర్ 3 మిల్లీమీటర్లకి పెట్టి కొన్ని. తర్వాత మీసం ఉంచి కొన్ని. కావాలనుకుంటేనే చివర్లో నున్నగా. గీసిన చోట ఎర్రబడుతుంది, చల్లటి గుడ్డ అద్ది ఇరవై నిమిషాలు ఆగు. గడ్డం కింద చర్మానికి ఎండ తగలదు కాబట్టి లేతగా ఉంటుంది, అక్కడ మాత్రం కాస్త ఫౌండేషన్ తప్పదు.

ఎంవీపీ కుర్రోడు

థాంక్స్ అన్నా, అక్కా. ఈ నెల స్టూడియోకి డబ్బులు సరిపోవు. అప్పటిదాకా ఫోన్‌తో తీసి పంపొచ్చా?

కిటికీ వెలుగు

పంపొచ్చు, చాలా క్యాస్టింగ్ ప్రకటనల్లో అడిగేదే “ఫిల్టర్ లేని ఫోన్ ఫొటోలు” అని. సెల్ఫీ కెమెరాతో తీయకండి, చేతి దూరంలో ముక్కు గోల మళ్లీ వస్తుంది. వెనక కెమెరా, 2ఎక్స్ జూమ్, ఫ్రెండ్ ఆరడుగుల దూరంలో. బ్యూటీ మోడ్ ఆఫ్. వెనకంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ కూడా ఆఫ్, అది చెవి అంచుల్నీ చెదిరిన వెంట్రుకల్నీ కోసేస్తుంది.

ఎండ నేరుగా పడని కిటికీకి రెండు మూడు అడుగుల్లో నిలబడండి. పొద్దున్న అయితే పడమర కిటికీ, లేదా ఉత్తరపు కిటికీ. ట్యూబ్‌లైటు ఆపేయండి, లేకపోతే మొహం ఒక పక్క ఒక రంగు, రెండో పక్క ఇంకో రంగు. స్క్రీన్ మీద మొహం దగ్గర నొక్కి పట్టుకుని ఫోకస్ లాక్ చేసి, వెలుగు కొంచెం తగ్గించండి. క్లోజప్‌కి ఫోన్ కంటి ఎత్తులో ఉండాలి. ఫుల్ లెంగ్త్‌కి నడుము ఎత్తుకి దించండి, కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్లు పొట్టిగా కనపడతాయి. జేబులోంచి తీశాక లెన్స్ తుడవండి.

క్యాస్టింగ్ ఇన్‌బాక్స్

ఫొటోలు బాగానే తీయించుకుని పంపేటప్పుడు పాడుచేసేవాళ్లే ఎక్కువ.

వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి పంపితే సైజు కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి. మెయిల్‌కి పొడుగు వైపు 2000 పిక్సెళ్లు, ఒక్కోటి 2 ఎంబీ లోపు చాలు. పెద్ద ఫైళ్లు విడిగా దాచుకోండి, 8×10 అంగుళాల ప్రింటు బాగా రావాలంటే 2400×3000 పిక్సెళ్లు కావాలి. ఫైల్ పేరులోనే మీ పేరు, వయసు, ఎత్తు ఉండాలి. కెమెరా ఇచ్చిన అంకెల పేరుతో పంపితే ఎవరిదో వెతకరు. డ్రైవ్ లింక్ ఇస్తే లింక్ ఉన్నవాళ్లందరికీ తెరుచుకునేలా పెట్టి, వేరే ఫోన్‌లో ఒకసారి చూడండి. నాలుగు ఫొటోలు అతికించిన కొలాజ్, మూలన స్టూడియో లోగో రెండూ వద్దు.

ఎడిటింగ్‌కి నా కొలత ఇది: వారంలో పోయేది తీసేయొచ్చు, పోనిది తీయకూడదు. మొటిమ పోతుంది. పుట్టుమచ్చ, గాటు, కంటి కింద గీత పోవు. మిమ్మల్ని పిలిచాక గదిలోకి ఫొటోలోని మనిషే రావాలి. గడ్డం విషయమూ అంతే. క్లీన్ షేవ్ చేశాక నిండు గడ్డం ఫొటో పంపుతుంటే “ఇప్పుడు గడ్డం లేదు” అని ఒక ముక్క రాయండి.

ఆరు ఫొటోలతో పాటు నిమిషం లోపు పరిచయం వీడియో ఒకటి, ఫోన్ అడ్డంగా పట్టుకుని: పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు, చివర్లో రెండు వైపులా మొహం తిప్పి చూపించడం. ఉత్తరాంధ్ర యాస సహజంగా వస్తే అది కూడా చెప్పండి, రెండు వాక్యాలు ఆ యాసలోనే మాట్లాడండి. దాన్ని దాచి టీవీ తెలుగు మాట్లాడటం దేనికి?

“మేనేజర్లకి మేమే పంపిస్తాం” అన్నదానికి పైసా విలువ కట్టకండి. పాత్ర కోసం రిజిస్ట్రేషన్ ఫీజు అడిగినా, ఆర్టిస్టు కార్డు ఇప్పిస్తామన్నా, ఫలానా చోటే ఫొటోషూట్ చేయించుకోవాలని షరతు పెట్టినా అది ఫొటోల వ్యాపారమే, క్యాస్టింగ్ కాదు.

ఎంవీపీ కుర్రోడు

అర్థమైంది. ఈ ఆదివారం కిటికీ దగ్గర ఆరూ తీస్తాం. గడ్డం ఇప్పుడు నెల రోజులది, అక్క చెప్పిన వరసలో మీసం దాకా వెళ్లి ఆగిపోతాను.

పఫ్ అక్క

ట్రిమ్మర్ ముందురోజు రాత్రే ఛార్జింగ్ పెట్టు. సగం గడ్డం దగ్గర ఆగిపోతే ఆ లుక్‌కి పాత్ర దొరకడం కష్టం.