ప్యాకెట్ ముందువైపు మాటలు నమ్మాలా, వెనకవైపు అంకెలు చదవాలా?

ప్రశ్న – కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఐదో తరగతి చదివే అబ్బాయి, రెండో తరగతి చదివే అమ్మాయి, మధుమేహానికి మందులు వాడుతున్న మా అత్తయ్యగారు, ఉద్యోగాలకు వెళ్లే మేమిద్దరం ఉంటాము. ఉదయం ఏడున్నరకే స్కూల్ బస్సు వస్తుంది కనుక పిల్లల స్నాక్స్ డబ్బాలోకి, సాయంత్రం ట్యూషన్‌కు ముందు తినడానికి ఏదో ఒక ప్యాకెట్ మీద ఆధారపడక తప్పడం లేదు. ఉన్నవాటిలో మంచివి ఎంచుకోవాలన్న ఉద్దేశంతో ‘మల్టీగ్రెయిన్’, ‘మిల్లెట్’, ‘నో యాడెడ్ షుగర్’ అని ముందువైపు రాసినవే కొంటున్నాము. మొన్న ఒక రాగి బిస్కెట్ల ప్యాకెట్‌ను వెనక్కి తిప్పి చదివితే మొదట మైదా, తర్వాత చక్కెర, ఆ తర్వాత పామాయిల్ కనిపించాయి. రాగి పిండి నాలుగో స్థానంలో ఉంది.

ప్యాకెట్‌లో వచ్చేదేదైనా మానేయాలని మా మరిది అంటాడు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ) గుర్తు ఉందంటే ప్రభుత్వం పరీక్షించి ఆమోదించినట్లేనని మా వారు అంటారు. మొదటి మాట పాటిస్తే పాలు, పెరుగు, ఇడ్లీ పిండి కూడా మానేయవలసి వస్తుంది. రెండో మాట పాటిస్తే దేనినీ ప్రశ్నించనక్కర లేదు. దుకాణంలో నిలబడి ఒకటి రెండు నిమిషాల్లో నిర్ణయించుకోవడానికి పనికివచ్చే పద్ధతి ఏదైనా ఉందా? కలిపిన రంగులు, నిల్వ పదార్థాల వంటివాటికి గుర్తుగా ఐఎన్‌ఎస్ అని వచ్చే అంకెలన్నీ భయపడవలసినవేనా? అత్తయ్యగారి కోసం ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్లు కొనడం సరైనదేనా? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1 – ఉప్పల్ నుంచి, ఆహార తయారీలో నాణ్యత విభాగం ఉద్యోగి

నమస్కారం అండి. లేబుళ్లను పరిశీలించడం నా రోజువారీ పని కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు దగ్గర ఉండే 14 అంకెల సంఖ్య, ఆ తయారీదారుకు లైసెన్సు ఉందని, చట్టం నిర్దేశించిన భద్రతా ప్రమాణాలకు అతడు బాధ్యుడని తెలుపుతుంది. ఆ పదార్థాన్ని రోజూ తింటే ఆరోగ్యానికి మేలని అది ఎక్కడా చెప్పదు. కలుషితం కాకుండా, కల్తీ లేకుండా తయారైన బిస్కెట్‌లో కూడా మూడో వంతు చక్కెర ఉండవచ్చు, అది చట్టానికి విరుద్ధమూ కాదు.

మీ మరిది గారి మాటలో కొంత నిజం ఉంది కానీ, ప్రాసెస్ చేయడమన్నది దానంతట అదే దోషం కాదు. పాలను పాశ్చరైజ్ చేయడం, పప్పును మరపట్టించడం, బఠాణీలను గడ్డకట్టించి నిల్వ చేయడం కూడా ప్రాసెసింగే. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మాంటీరో 2009లో ప్రతిపాదించిన నోవా వర్గీకరణ ఆహారాన్ని నాలుగు వర్గాలుగా విడదీస్తుంది: సహజంగా ఉన్నవీ స్వల్పంగా మార్చినవీ, వంటకు వాడే నూనె, ఉప్పు, చక్కెర వంటివి, వీటితో సాధారణ పద్ధతిలో నిల్వకు తయారుచేసినవి, చివరగా అల్ట్రా ప్రాసెస్డ్. మనం జాగ్రత్త పడవలసినది ఈ నాలుగో వర్గం విషయంలో. మన వంటింట్లో ఎప్పుడూ ఉండని రుచి పెంచే పదార్థాలు, ఎమల్సిఫయర్లు (నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచేవి), కృత్రిమ రంగులు, మాల్టోడెక్స్ట్రిన్ (పిండి పదార్థం నుంచి తీసే పొడి) వంటివి జాబితాలో వరుసగా కనిపిస్తే అది ఆ వర్గానికి చెందిందని అనుకోవచ్చు.

ఈ ఆందోళనకు ఆధారం ఉంది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో కెవిన్ హాల్ బృందం 20 మందిని తమ పర్యవేక్షణలోనే ఉంచి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ భోజనం, రెండు వారాలు స్వల్పంగా ప్రాసెస్ చేసిన భోజనం పెట్టింది. వడ్డించిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, సోడియం రెండు వైపులా సమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. అల్ట్రా ప్రాసెస్డ్ తిన్న రోజుల్లో వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువగా తిన్నారు, రెండు వారాల్లోనే సగటున 0.9 కిలోల బరువు పెరిగారు. రెండో రకం భోజనం తిన్నప్పుడు దాదాపు అంతే బరువు తగ్గారు. మెత్తగా, నమలనవసరం లేకుండా ఉండే ఆహారాన్ని కడుపు నిండిందని తెలిసేలోపే ఎక్కువ తినేస్తాము. చిప్స్ ప్యాకెట్ మొత్తం అయిపోయేదాకా చెయ్యి ఆగకపోవడాన్ని పిల్లల క్రమశిక్షణ లోపంగా మాత్రమే చూడకూడదని నా అభిప్రాయం.

అయితే ఈ వర్గీకరణ చాలా మొరటుది. ఎమల్సిఫయర్ కలిసిన పూర్తి గోధుమ బ్రెడ్డును, కోలాను అది ఒకే గదిలో పెడుతుంది. అందుకే దుకాణంలో నేను దానిపై ఆధారపడను. ముందుగా పదార్థాల జాబితా చదువుతాను. బరువు ప్రకారం ఎక్కువగా ఉన్నదాని నుంచి తక్కువగా ఉన్నదాని వరకు అవరోహణ క్రమంలో వాటిని రాయాలన్నది నిబంధన కనుక, మొదటి మూడు పదార్థాలే ఆ వస్తువు అసలు స్వరూపం. మీరు కొన్నది రాగి కలిపిన మైదా బిస్కెట్ అని ఆ జాబితాయే చెప్పింది. పేరులో గొప్పగా చెప్పుకున్న పదార్థం ఎంత శాతమో సాధారణంగా దాని పక్కనే ఉంటుంది. అది తప్పక చూడండి. చక్కెర మాత్రం పేర్లు మార్చుకొని వస్తుంది. చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, తేనె, బెల్లం అని ఐదు చోట్ల విడివిడిగా ఉంటే ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారిపోతుంది, కానీ కలిపి చూస్తే మొదటి స్థానానికి చేరవచ్చు.

తర్వాత పోషక విలువల పట్టిక. ‘ఒక సర్వింగ్‌కు’ అన్న వరుసను పక్కన పెట్టి, 100 గ్రాములకు ఇచ్చిన అంకెలు చదవండి. సర్వింగ్ అంటే ఎంతో తయారీదారు నిర్ణయిస్తాడు. మీ అబ్బాయి రెండు బిస్కెట్లతో ఆగుతాడని వారు అనుకుంటారేమో కానీ, వాడు ఆగుతాడో లేదో మీకు తెలుసు. లేబుల్ మీద రోజువారీ శాతాలను రోజుకు 2000 కేలరీలు అవసరమైన పెద్దవారికి 50 గ్రాముల కలిపిన చక్కెర, 22 గ్రాముల సంతృప్త కొవ్వు, 2000 మిల్లీగ్రాముల సోడియం పరిమితి అన్న లెక్కన వేస్తారు. రెండో తరగతి పాపకు ఆ లెక్క వర్తించదు. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం పెద్దవారు కూడా కలిపిన చక్కెరను 25 గ్రాముల దగ్గరకు తగ్గించుకుంటే మరింత మేలు.

ఐఎన్‌ఎస్ అంకెలన్నింటికీ భయపడవద్దు. 330 అంటే నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లం, 300 అంటే సి విటమిన్, 500(ii) అంటే వంట సోడా. 102 టార్ట్రాజిన్, 110 సన్‌సెట్ ఎల్లో అనే రంగులు అలాంటివి కావు. ఇవి ఉన్న ఆహారంపై, పిల్లల ప్రవర్తన, ఏకాగ్రతల మీద ప్రతికూల ప్రభావం ఉండవచ్చన్న హెచ్చరికను ఐరోపా సమాఖ్య 2010 నుంచి తప్పనిసరి చేసింది. మన దగ్గర పరిమిత మోతాదులో వీటికి అనుమతి ఉంది. మా ఇంట్లో పిల్లల కోసం మాత్రం రంగు వేసిన వాటిని కొనము.

‘షుగర్ ఫ్రీ’ అని రాయడానికి 100 గ్రాములలో చక్కెర 0.5 గ్రాములకు మించకూడదు. ఆ షరతు మైదాకు వర్తించదు, మైదాలోని పిండి పదార్థం జీర్ణమై గ్లూకోజ్‌గానే మారుతుంది. మాల్టోడెక్స్ట్రిన్ కూడా రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతుంది. కనుక అత్తయ్యగారి కోసం ఆ బిస్కెట్లను మందులా భావించి కొనవద్దు.

జవాబు 2 – తార్నాక నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, పై జవాబు చాలా విలువైనది. అయితే చర్చ మొత్తం లేబుల్ ఉన్న వస్తువుల చుట్టూనే తిరుగుతున్నందున, నాకు ముఖ్యమనిపించిన ఇంకొక వైపు రాస్తున్నాను. నాకు చాలాకాలంగా రక్తపోటు ఉంది. మన ఇళ్లలో ఉప్పు నూడుల్స్ ప్యాకెట్ల నుంచి మాత్రమే రాదు. ఆవకాయ, అప్పడాలు, ఒడియాలు, ఊరమిరపకాయల నుంచి కూడా అంతే వస్తుంది. అమ్మ చేతి పచ్చడి అన్న గౌరవంతో దాని లెక్క వేయడం మనకు మనస్కరించదు. కానీ రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించరాదన్న పరిమితి అమ్మ చేతి పచ్చడికి కూడా వర్తిస్తుంది.

లేబుల్ మీద ఉప్పు బదులు సోడియం ఉంటుంది, దానిని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. ఉదాహరణకు 100 గ్రాములకు 1200 మిల్లీగ్రాముల సోడియం ఉన్న నూడుల్స్‌ను 70 గ్రాములు తింటే 840 మిల్లీగ్రాముల సోడియం, అంటే 2.1 గ్రాముల ఉప్పు ఒంట్లోకి చేరుతుంది.

మన నగరంలో ప్రతి కాలనీలోనూ స్వగృహ ఫుడ్స్ దుకాణాలు ఉన్నాయి. అక్కడ తూకం వేసి ఇచ్చే చేగోడీలు, చెక్కలు, మురుకులు ఇంటి వంటలాంటివేనన్న నమ్మకంతో ప్యాకెట్ చిప్స్ మానేసి వాటిని కొంటున్నవారు ఎందరో నాకు తెలుసు. చాలా చోట్ల వాటికి లేబుల్ ఉండదు, ఏ నూనెలో, ఎన్నిసార్లు కాగిన నూనెలో వేయించారో తెలియదు. వేయించే నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (పదేపదే కాగినప్పుడు నూనె చెడి ఏర్పడే పదార్థాలు) 25 శాతం మించితే ఆ నూనె వాడరాదని 2018 జులై నుంచి నిబంధన ఉన్నప్పటికీ, కొనేవారు కంటితో చూసి దానిని తేల్చలేరు. కనీసం ఏ నూనె వాడుతున్నారని అడగండి, నూనెను ఎప్పుడు మారుస్తారని అడగండి. శుభ్రంగా నడిపేవారు విసుక్కోకుండా చెబుతారు.

మా ఇంటికి దగ్గరలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఆ సంస్థ 2024 మే నెలలో భారతీయుల కోసం 17 ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. దేశంలోని మొత్తం వ్యాధుల భారంలో 56.4 శాతం అనారోగ్యకరమైన ఆహారపు అలవాట్ల వల్లనేనని వారి అంచనా. రోజువారీ కేలరీలలో ధాన్యాలు, చిరుధాన్యాల వాటా 45 శాతం మించకూడదని, పప్పులు, మాంసం వంటివి 15 శాతం వరకు ఉండాలని, మిగిలినది కూరగాయలు, పండ్లు, పాలు, గింజల నుంచి రావాలని వారు సూచించారు. మనలో ఎక్కువమంది పళ్లెంలో అన్నమే కొండలా ఉంటుంది. ప్యాకెట్లన్నీ మానేసి, మూడు పూటలా తెల్లన్నం, వేపుడు తినే ఇంట్లో సమస్య తీరినట్లు కాదమ్మా.

జవాబు 3 – మల్కాజిగిరి నుంచి, పిల్లల వార్డులో పనిచేసే నర్సు

తినేవాటి గురించి పెద్దలు చెప్పారు కనుక నేను తాగేవాటి గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది అక్కడే.

విరేచనాలు అవుతున్న బిడ్డకు ఓఆర్‌ఎస్ (ఒంట్లో తగ్గిన నీటిని, లవణాలను భర్తీ చేసే ద్రావణం) పట్టమంటే, పేరులో ఆ మూడు అక్షరాలు ఉన్న తియ్యని టెట్రా ప్యాక్ పానీయాలను కొని తెచ్చేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉండాలి. చక్కెర అంతకు చాలా ఎక్కువగా ఉన్న పానీయం పేగులలోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. దీనిపై మన హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో, పానీయాల పేర్లలో ఆ మాట వాడుకోవడానికి అంతకుముందు ఇచ్చిన అనుమతులను ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఉపసంహరించుకుంది. ఇప్పటికీ మందుల షాపులో అడిగేటప్పుడు, ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉన్నదో లేదో చూసి తీసుకోండి.

పాలలో కలిపే పొడులది కూడా ఇలాంటి కథే. ‘హెల్త్ డ్రింక్’ అన్న వర్గానికి ఆహార భద్రతా చట్టంలో నిర్వచనమే లేదు. ఆ శీర్షిక కింద వీటిని అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది. అదే ఏడాది జూన్‌లో, గాఢ రసానికి నీళ్లు కలిపి తయారుచేసే జ్యూస్‌ల మీద ‘100 శాతం పండ్ల రసం’ అన్న మాట తొలగించాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. దాహానికి నీళ్లు, మజ్జిగ. పండు కావాలంటే పండు. పిల్లల విషయంలో నాకు ఇంతకంటే నమ్మకమైన సలహా లేదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. తార్నాక మాస్టారు గారూ, స్వగృహ దుకాణం విషయం మేము ఎన్నడూ ఆలోచించలేదు. ఈ వారమే అడుగుతాను. ఉప్పల్ అన్నయ్య గారికి ఇంకొక ప్రశ్న: మేము తరచుగా కొనే ఇడ్లీ పిండి, ఓట్స్, బ్రౌన్ బ్రెడ్డులలో ఏవి ఉంచుకోవచ్చు? స్నాక్స్ డబ్బాలో బిస్కెట్ల బదులు ఏమి పెట్టవచ్చు?

జవాబు 1 రాసినవారు

ఇడ్లీ పిండిని నిస్సంకోచంగా ఉంచుకోండి. జాబితాలో బియ్యం, మినపప్పు, ఉప్పు, నీళ్లు, కొన్నిటిలో మెంతులు, ఇంతకు మించి లేకపోతే అది ఇంట్లో రుబ్బినదానికి దగ్గరగానే ఉంటుంది. తయారీ తేదీ చూసి, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే చోట కొంటే చాలు. ఓట్స్ సాదావైతే మంచివే. మసాలా ఓట్స్‌లో ఓట్స్‌తో పాటు ఉప్పు, రుచి పెంచే పదార్థాలు వస్తాయి కనుక, సాదా ఓట్స్‌లో మీరే ఉల్లిపాయ, క్యారెట్, కరివేపాకు వేసి ఉప్మాలా చేయండి. బ్రౌన్ బ్రెడ్డు విషయంలో రంగును నమ్మవద్దు, ఆ రంగు 150 సంఖ్యతో మొదలయ్యే క్యారమెల్ నుంచి కూడా రావచ్చు. మొదటి పదార్థం పూర్తి గోధుమపిండి అయి, 100 గ్రాములకు పీచు 6 గ్రాములో అంతకంటే ఎక్కువో ఉంటే తీసుకోండి, మైదా అయితే తెల్ల బ్రెడ్డుకూ దానికీ పెద్ద తేడా లేనట్లే.

డబ్బాలోకి వేయించిన శనగలు, ఉడికించిన పల్లీలు లేదా మొక్కజొన్న, జామకాయ ముక్కలు, మీరు తినేవారైతే ఉడికించిన గుడ్డు పెట్టవచ్చు. పల్లీ పట్టీ కూడా మంచిదే కానీ బెల్లం కూడా చక్కెర లెక్కలోకే వస్తుంది, అత్తయ్యగారికి అది వద్దు. సాయంత్రం పూట మరమరాలలో ఉల్లిపాయ, టమాటా, వేయించిన పల్లీలు కలిపి నిమ్మరసం పిండి ఇస్తే ఐదు నిమిషాల పని. బిస్కెట్లను పూర్తిగా నిషేధించనవసరం లేదు. ఇంట్లో నిల్వ పెట్టకుండా, పిల్లలు అడిగిన రోజున చిన్న ప్యాకెట్ ఒకటి కొనివ్వండి.